నేర్పినదాన్ని మాన్పించడానికి తిరిగిన మాస్టారు

శ్రావణ శుక్రవారం. పొద్దున్నే మా ఆవిడ వాకిట్లో ముగ్గు పెడుతుండగా ఫోను మోగింది. మచిలీపట్నం ఆసుపత్రి నుంచి వదిన. "మరిదిగారూ, మీ అన్నయ్య వెళ్ళిపోయారండీ. చెల్లాయికి మెల్లగా చెప్పండి" అంది. "అలాగేనమ్మా" అన్నాను. ఆమె, "మీరు కాఫీలు తాగారా?" అని అడిగింది. "ఇంకా లేదమ్మా" అన్నాను. ఫోను పెట్టేశాక, ఆ జవాబులు చెప్పింది నేనేనా అనిపించింది.

నాగాయలంక ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం, లెక్కలూ బోధించి, అక్కడే ఉద్యోగ విరమణ చేసి, అక్కడే స్థిరపడిన కోటేశ్వరరావు మాస్టారి నిర్యాణ వార్త నాకు చేరిన తీరు అది. ఆయన నాకు తోడల్లుడు. గుడివాడలో ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్నాం. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ఆయనది సైన్సు, నాది తెలుగు. ఆయన నన్ను "తమ్ముడూ" అనేవారు, నేను "అన్నయ్యగారూ" అనేవాణ్ణి. ఆ పిలుపుల చాటున జీవితమంతా కీచులాడుకున్నాం.

ఆ వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యానని రాయాలి. అలా రాయడం ఆనవాయితీ. నిజానికి నేను స్నానం చేశాను. చొక్కా ఇస్త్రీ లేదని విసుక్కున్నాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుందేమోనని చూశాను. పెడన దాటాక కూడా కన్నీరు రాలేదు. ఈ వ్యాసం రాస్తున్న ఈ పూట వరకూ రాలేదు. ఒకే వైపు పడుకుని లేచినప్పటి చెయ్యిలా లోపలంతా తిమ్మిరెక్కి ఉంది.

ఇటువంటి వ్యాసాలు నేను ఇంతకుముందు చాలామంది మీద రాశాను. మహామనీషి, కర్మయోగి, విద్యాప్రదాత, ఈ మాటలన్నీ నా కలానికి కంఠోపాఠం. అన్నయ్య వాటిని చదివి నవ్వేవారు. "తమ్ముడూ, నీ సంస్మరణలు భలే ఉంటాయోయ్. పేరొక్కటి మార్చుకుంటే మళ్ళీ వాడుకోవచ్చు. వ్యర్థం అనేదే లేదు నీ దగ్గర" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. అందుకే ఆయన గురించి రాసే ఈ నాలుగు మాటలూ మరొకరికి సరిపడకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నాను.

వ్యర్థం అనేది లేదన్నది ఆయన సిద్ధాంతం. అది ఆయనకు పుస్తకాల నుంచి రాలేదు. దివిసీమలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే ఉప్పెన వచ్చింది. నీళ్ళు తీశాక జనం బురదలోంచి కంచమో, తలుపు చెక్కో, తాడు ముక్కో ఏరుకుని, కడుక్కుని వాడుకోవడం ఆయన చూశారు. "ఆ రోజుల్లో పారెయ్యడం అనే మాట అక్కడ ఎవరి నోటా వినలేదు తమ్ముడూ" అనేవారు. అప్పటినుంచి ఆయన చేతులు ఏ వస్తువునూ వదలలేకపోయాయి. పగిలిన సైకిలు ట్యూబు కట్లకు పనికొచ్చేది. పాల ప్యాకెట్ల కవర్లు కడిగి ఆరబెట్టి, పేలికలుగా కోసి చాపలు అల్లించేవారు. చిరిగిన చీరలు బొంతలయ్యేవి, చిరిగిన బొంతలు మసిగుడ్డలయ్యేవి. "ఈ ఇంట్లో పారెయ్యడానికి ఇంక నేనొక్కదాన్నే మిగిలానండీ" అని వదిన నాతో మొరపెట్టుకునేది.

నా పెళ్ళికి ఆయన ఇచ్చిన కానుక, మాడిపోయిన బల్బుతో తయారుచేసిన కిరసనాయిలు దీపం. బల్బు లోపలి సామగ్రి అంతా తీసేసి, నూనె పోసి, వత్తి వేసి, రేకు మూత బిగించి, కింద కర్ర పీట అమర్చారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ బంధువుల మధ్యలో దాన్ని విప్పి చూసిన మా అత్తగారి ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఆమె పెద్దకూతురిని పక్కకు పిలిచి, "ఏమ్మా, ఆయనకి జీతం సరిగ్గానే ఇస్తున్నారా?" అని అడిగిందట. ఈ సంగతి మా ఇళ్ళలో శుభకార్యం జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు తవ్వి తీసేవారు. అందరికన్నా ఎక్కువ నవ్వేది ఆయనే.

"పనికిరాని వస్తువంటూ లేదు, పని తెలియని చెయ్యే ఉంది." ఈ వాక్యాన్ని ఆయన తరగతి గదిలో నల్లబల్ల పైభాగాన రాయించి, చెరపనివ్వకుండా ఉంచేవారు. దాని దస్తూరీ నాదే. నాగాయలంక వెళ్ళినప్పుడల్లా సుద్దముక్క నా చేతికిచ్చి, వెలిసిపోయిన అక్షరాలు మళ్ళీ దిద్దించేవారు.

ఇక ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన బ్యాటరీల సంగతి చెప్పాలి.

తొంభైల్లో దివిసీమ నిండా రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువులతో డబ్బు వచ్చింది, డబ్బుతో టీవీలు వచ్చాయి. కరెంటు మాత్రం వేళాపాళా లేకుండా వచ్చిపోయేది. కాబట్టి టీవీతోపాటు కారుకు వేసే పెద్ద బ్యాటరీ కూడా ప్రతి ఇంటా వెలిసింది. దాన్ని సైకిలు వెనక కట్టుకుని వెళ్ళి ఛార్జింగు పెట్టించుకొచ్చేవారు. కొంతకాలానికి ఎంత ఛార్జింగు పెట్టినా నిలిచేది కాదు. అప్పుడు దాన్ని చెరువు గట్టునో, ఇంటి వెనకనో పడేసి మరొకటి కొనేవారు. దారి పొడుగునా నల్లటి పెట్టెలు పడి ఉండేవి. ఆ దృశ్యం అన్నయ్య ప్రాణానికి మహా బాధాకరంగా ఉండేది.

ఊరికి దిగువన సముద్రం మీద వేట చేసుకునే వాళ్ళ పాలెం ఒకటుంది. వాళ్ళ వలలు నీటిలో మునగాలంటే అంచుకు సీసపు గుళ్ళు కట్టాలి. గుళ్ళు కొనాలి. మరి చచ్చిన బ్యాటరీ లోపల ఉండేది సీసపు పలకలే. ఈ రెండూ అన్నయ్య బుర్రలో కలిశాయి. బ్యాటరీ పగలగొట్టి, ఆసిడ్ జాగ్రత్తగా ఒంపేసి, పలకలు తీసి, ఇనప మూకుట్లో కరిగించి, తడి ఇసుకలో గీసిన గాడుల్లో పోస్తే గుళ్ళు తయారు. మచిలీపట్నంలో జరిగిన సైన్సు ప్రదర్శనలో దీనికి మొదటి బహుమతి వచ్చింది. ఆదివారాలు పాలెం వెళ్ళి, ఒడ్డున ఇసుకలో పొయ్యి పెట్టి ఆయనే స్వయంగా నేర్పారు. "చచ్చిన బ్యాటరీకి సముద్రంలో మోక్షం ఇప్పించాను తమ్ముడూ" అన్నారు నాతో. అంత సంతోషంగా ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

పాలెంలో ఈ పని అందరికన్నా బాగా పట్టుకున్నది నాంచారమ్మ. ఆమె పోసిన గుళ్ళు ఒకే కొలతలో ఉండేవని అన్నయ్య మురిసిపోయేవారు. ఆమె కూతురు తిరపతమ్మ ఆయన దగ్గరే చదివేది. లెక్క నల్లబల్ల మీద రాయడం పూర్తికాక ముందే జవాబు చెప్పేసే పిల్ల. "నాకు తీరిక లేకుండా చేస్తుందోయ్, సుద్దముక్క కిందపెట్టనివ్వదు" అని ఇంటికొచ్చి కూడా ఆ పిల్ల ముచ్చట్లే చెప్పేవారు.

మరుసటి ఏడు ఆ పిల్ల మారిపోయింది. కడుపులో నొప్పి అనేది. బల్ల మీద తల వాల్చేది. తెలిసిన లెక్కే ఎక్కడో తప్పిపోయినట్టు చూసేది. అశ్రద్ధ అనుకుని అన్నయ్య కోప్పడ్డారు. ఒకనాడు తరగతి బయట నిలబెట్టారు కూడా. ముఖం పాలిపోయి, నడుస్తూ నడుస్తూ కూలబడిన రోజున తల్లీ కూతుళ్ళను వెంటబెట్టుకుని మచిలీపట్నం తీసుకెళ్ళారు.

అక్కడ జరిగింది అన్నయ్య నాకు ఒక్కసారే చెప్పారు, గుడివాడలో మా వరండాలో కూర్చుని, ఎవరి సంగతో చెబుతున్నట్టు. డాక్టరుగారు పిల్ల పెదవి పైకెత్తి, చిగుళ్ళ అంచున నీలపు గీత చూశారట. తిరిగి తల్లి వైపు చూసి, "ఇంట్లో సీసం గాని కరిగిస్తారామ్మా?" అని అడిగారట.

"వలగుళ్ళు పోసుకుంటామండీ" అంది నాంచారమ్మ.

"ఎక్కడ?"

"పొయ్యి మీదేనండీ. ఎండాకాలం ఒడ్డున పోసేవోళ్ళం. వానలు పడ్డాక ఇంట్లోనే."

"అన్నం వండే పొయ్యి మీదా? ఆ పొగ, ఆ పొడి పిల్లల మెదడుకి ఎక్కుతాయమ్మా. ఎవరు నేర్పారు మీకిది?"

నాంచారమ్మ పక్కనే నిలబడ్డ మాస్టారి వైపు చూడను కూడా చూడలేదట. గోడ వైపు చూస్తూ, "మా కాడ అందరూ చేస్తారండీ" అందట. అప్పుడు అన్నయ్య, "నేనేనండీ నేర్పింది" అన్నారు.

"ఒడ్డున, గాలిలో చేసి చూపించారు కదా. వాళ్ళు ఇంట్లోకి తెచ్చుకుంటే మీరేం చేస్తారు?" అన్నాను నేను, ఓదార్చాలని. అన్నయ్య నా ముఖంలోకి చూశారు. "దివిసీమలో బతికేవాణ్ణి. వాన వస్తుందని నాకు తెలీదా తమ్ముడూ?" అన్నారు. 

తిరపతమ్మకు వైద్యం జరిగింది. కడుపునొప్పి పోయింది, ముఖంలోకి రక్తం వచ్చింది. లెక్కలు మాత్రం తిరిగి రాలేదు. కొన్నాళ్ళు బడికి వచ్చి, తరవాత మానేసింది. మచిలీపట్నం నుంచి తిరిగొచ్చిన సోమవారమే అన్నయ్య నల్లబల్ల పైన నా దస్తూరీతో ఉన్న వాక్యాన్ని తడిగుడ్డతో తుడిచేశారు. ఆ మాట ఆయన నోట నేను మళ్ళీ వినలేదు.

ఆ తరవాత ప్రార్థన వేళ పిల్లలందరి ముందు నిలబడి, "బ్యాటరీల గురించి నేను మీకు తప్పు చెప్పాను. ఇళ్ళకు వెళ్ళి మీ అమ్మానాన్నలకు చెప్పండి" అన్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ఇన్నేళ్ళున్నాను. ఒక గురువు నోట ఈ వాక్యం నేను మరెక్కడా వినలేదు. సైన్సు ప్రదర్శనలో ఇచ్చిన షీల్డు పట్టుకెళ్ళి నిర్వాహకులకు తిరిగి ఇవ్వబోతే, "బహుమతులు వెనక్కి తీసుకునే పద్ధతి లేదండీ మాస్టారూ" అన్నారట. దాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకుని నాగాయలంక బస్సెక్కారు.

ఇక మొదలైంది ఆయన ప్రాయశ్చిత్త యాత్ర. ప్రతి ఆదివారం పాలెం వెళ్ళి, గుమ్మం గుమ్మానికీ తిరిగి, సీసం కరిగించొద్దని బతిమాలేవారు. నేర్పడానికి పట్టింది కొద్దికాలం. మాన్పించడానికి ఏళ్ళు పట్టింది. నేను ఒకటి రెండు సార్లు వెంట వెళ్ళాను. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దామె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"మీరు చెప్తేనేగా మాస్టారూ మొదలెట్టాం. ఇప్పుడు మీరే వద్దంటే ఎట్టాగండీ?"

"అప్పుడు నాకు తెలీదమ్మా."

"అప్పుడు తెలీనాయనకి ఇప్పుడు తెలిసిందని ఏంటి నమ్మకం?"

ఆమె వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగింది. అన్నయ్య, "నమ్మొద్దులే అమ్మా. పొయ్యి మాత్రం బయట పెట్టుకో" అని పక్క గుమ్మం ఎక్కారు.

కుమ్మరి చేత కాల్చిన మట్టి గుళ్ళు చేయించి, చచ్చిన బ్యాటరీ ఇచ్చినవారికి ఒక దండ గుళ్ళు ఇస్తానన్నారు. మట్టివి పగిలిపోతున్నాయని జనం తిట్టుకున్నారు. కొంతమంది తీసుకున్నారు. మరికొంతమంది బ్యాటరీని ఇచ్చి, గుళ్ళు వద్దులే మాస్టారూ అని నవ్వారు. పోనుపోను బజారులో తయారు గుళ్ళు దొరకడం మొదలై, పాలెంలో పొయ్యిలు ఒక్కొక్కటే చల్లారాయి. అది తన మాట వల్ల జరిగిందో, బజారు వల్ల జరిగిందో ఆయనకు ఏనాడూ తేలలేదు. తేల్చమని నన్ను అడిగేవారు. నేను మాట దాటేసేవాణ్ణి.

అలా పోగైన బ్యాటరీలు పెరట్లో కొండంత అయ్యాయి. గుడివాడలో పాత సామాను కొనే వ్యాపారి ఒకడికి నేనే కబురు పెట్టి అమ్మించాను. పీడ వదిలిందనుకున్నాను. వారం తిరక్కుండా అన్నయ్య మా ఇంటికొచ్చి, "అవి ఎక్కడికి వెళ్ళాయో చూద్దాం పద తమ్ముడూ" అన్నారు. ముదినేపల్లి అవతల, చేపల చెరువుల మధ్య రేకుల షెడ్డు. చంకలో పసిబిడ్డతో ఒకావిడ సీసం కరుగుతున్న బాణలి కలుపుతోంది. మా బ్యాటరీలు సగం పగలగొట్టి ఉన్నాయి. అన్నయ్య అక్కడే నిలబడిపోయారు. తరవాత షెడ్డు యజమాని దగ్గరికి వెళ్ళి, మిగిలినవి తిరిగి ఇచ్చెయ్యమన్నారు.

"అమ్మినవి మళ్ళీ అడుగుతారేంటండీ? మీకివి దేనికి?"

"దేనికీ కాదండీ. ఊరికే ఉంచుకుంటాను" అన్నారు అన్నయ్య.

యజమాని మమ్మల్ని పిచ్చివాళ్ళ కింద జమకట్టి, అమ్మిన ధర కన్నా ఎక్కువ పుచ్చుకుని ఇచ్చాడు. ముదినేపల్లి నుంచి నాగాయలంక దాకా ట్రక్కు ఆటోలో, కాళ్ళ సందున చచ్చిన బ్యాటరీలు పెట్టుకుని, దారి పొడుగునా ఆయన్ని తిడుతూ కూర్చున్నాను.  మోపిదేవి దాటాక ఆయన, "ఆవిడ చంకలో పిల్ల ఆడపిల్లేనంటావా?" అని అడిగారు.

ఆనాటినుంచి ఏ కొత్త వస్తువు కనబడినా ఆయనది ఒకటే ప్రశ్న. మచిలీపట్నంలో కలర్ టీవీ కొనడానికి అందరం వెళ్ళాం. వదిన ఎన్నో ఏళ్ళుగా కోరుకుంటున్న టీవీ. కొట్టాయన కుర్చీలు వేయించి, కూల్ డ్రింకులు తెప్పించి, రంగులూ శబ్దమూ వర్ణించాడు. అన్నయ్య అంతా విని, "బాగుందండీ. ఇది చచ్చాక ఎక్కడికి పోతుంది?" అన్నారు.

"టీవీ చావడమేంటి మాస్టారూ, శుభమా అని కొనుక్కుంటుంటే."

"దీని గాజులో కూడా సీసం ఉంటుందటండీ. పాడైపోయాక మీరు వెనక్కి తీసుకుంటారా?"

కొట్టాయన వదిన వైపు జాలిగా చూశాడు. ఆ రోజు టీవీ కొనలేదు. తిరుగు బస్సులో వదిన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. మరుసటి నెల ఆయన ఒక్కరే వెళ్ళి కొనుక్కొచ్చారు. "మీ వదినకి నేను పెట్టిన కష్టాల్లో ఇదొకటి తగ్గించాను" అన్నారు నాతో.

నేను సెల్ ఫోను కొన్నప్పుడూ అంతే. వెనక మూత తీయించి, లోపలి బ్యాటరీని అరచేతిలో పెట్టుకుని చూశారు. "దీన్ని గుండె దగ్గర జేబులో పెట్టుకున్నావు. ఉబ్బిపోయాక ఎక్కడ పెడతావో ఆలోచించావా?" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మాట్లాడుకోవడానికి కొన్నానన్నయ్యగారూ, దహన సంస్కారాలు చెయ్యడానికి కాదు" అన్నాను. ఆయన నవ్వి, "కొనేటప్పుడు ఏ కంపెనీదని అందరూ అడుగుతారు తమ్ముడూ. పోయాక దాని గతేమిటని అడిగేవాడు ఒక్కడైనా ఉండాలి కదా" అన్నారు. ఈ రోజు మా ఇంట్లో పాడైన సెల్ ఫోన్లు ఒక డ్రాయరు నిండా ఉన్నాయి. పారేద్దామని తీస్తాను, ఆయన మాట గుర్తొచ్చి మళ్ళీ మూసేస్తాను.

చివరి రెండేళ్ళలో ఆయనకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అప్పట్లో సీసం పొగ పీల్చడం వల్లనా అని నేను ఒకసారి డాక్టరుగారిని అడగబోతే, అన్నయ్య నా చెయ్యి నొక్కి ఆపారు. "అదే అయితే బాగుండును" అన్నారు. ఆ మాటకు అర్థం నేను ఆయన్ని అడగలేదు. వదిన మాత్రం అదేమీ కాదు, ఆయన తండ్రిగారికీ ఆ జబ్బు ఉండేది అంటుంది. నాకు తెలియదు.

పెద్దకర్మ నాడు ఆ ఇంటి నిండా జనం. పాత విద్యార్థులు పెద్ద పెద్ద ఉద్యోగాల్లోంచి వచ్చారు. మాస్టారి పేరు మీద ఏదైనా చెయ్యాలన్నారు. పెరట్లో రేకుల కింద, సిమెంటు గట్టు మీద పేర్చిన బ్యాటరీలను చూసి, వీటిని తీయించేస్తే ఇల్లు శుభ్రమవుతుందని కూడా అన్నారు. ఎక్కడికి తీయిస్తారని వదిన అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, వాన తగలకుండా.

భోజనాలయ్యాక, జనం పల్చబడ్డాక, పెరటి వైపు నుంచి నాంచారమ్మ వచ్చింది. పక్కన తిరపతమ్మ. పెద్దదయింది. పెళ్ళి కాలేదు. తల్లి చెంగు పట్టుకోలేదు గాని, పట్టుకున్నంత దగ్గరగా నిలబడింది. వదిన వాళ్ళని కూర్చోబెట్టి విస్తళ్ళు వేయించబోతే నాంచారమ్మ వద్దంది. చాలాసేపు అన్నయ్య ఫోటో వైపు చూసింది.

"అమ్మగారూ, ఒక మాట అడుగుతాను, ఏమనుకోవద్దు" అంది చివరికి. "మాస్టారు మా వీధిలో అన్ని ఇళ్ళకీ వచ్చేవోరు. మా ఇంటి కాడికి వచ్చేసరికి తలొంచుకుని దాటిపోయేవోరు. ఒక్కనాడు లోపలికి రాలేదు. ఎందుకంటారు?"

వదిన నా వైపు చూసింది. ఆ సంగతి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

"ఆసుపత్రి నుంచి వచ్చిన్నాడే మూకుడు తీసుకెళ్ళి గోతిలో పూడ్చేశానమ్మా. పాలెంలో మొట్టమొదట మానేసింది మేమే. ఆ మాట ఆయనకి చెప్దామంటే ఆయన ఆగితేగా. ఇదేమో, ఆదివారం వస్తే చాలు, వాకిలి ఊడ్చి, పక్కింట్లోంచి కుర్చీ అడిగి తెచ్చి వేసేది. ఆయన దాటిపోయాక మళ్ళీ ఇచ్చేసొచ్చేది. నాకు లెక్కలు రాటల్లేదని మాస్టారికి కోపం అమ్మా, అనేది. అట్టాగేనా అమ్మగారూ? దీని మీద కోపమేనా?"

తిరపతమ్మ తల ఎత్తి నన్నే చూస్తోంది. నేను భాషలో పండితుణ్ణి. సభల్లో గంటలకొద్దీ మాట్లాడినవాణ్ణి. నా నోట ఒక్క ముక్క రాలేదు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. కాసేపు చూసి, వాళ్ళిద్దరూ లేచి దణ్ణం పెట్టి, చివరి బస్సు తప్పిపోతుందని వెళ్ళిపోయారు.

కోటేశ్వరరావు మాస్టారి వంటి మనిషిని మళ్ళీ చూడలేం. జ్ఞానులు ఎందరో ఉంటారు. తన జ్ఞానం వల్ల జరిగిన కీడును వెంబడించి, గుమ్మం గుమ్మానా దాని ముందు నిలబడినవారిని నేను ఆయన్నొక్కరినే చూశాను. ఒక్క గుమ్మం ముందు మాత్రం ఆయన నిలబడలేకపోయారు. ఆ మహనీయునికి ఈ తమ్ముడి నమస్కారం.

ఆ అమ్మాయి ఇప్పటికీ కూడబలుక్కుని చదవగలదని బడిలో చెప్పారు. అందుకని ఈ కింది నాలుగు మాటలూ ఆమెకు రాస్తున్నాను. మిగిలిన పాఠకులు మన్నించాలి.

అమ్మా తిరపతమ్మా, మెల్లగా చదువు. చదివి మీ అమ్మకు వినిపించు. మాస్టారికి నీ మీద కోపం లేదు. ఎప్పుడూ లేదు. నీకు లెక్కలు రాకపోవడం నీ తప్పు కాదు. అది తన తప్పు అని ఆయన అనుకున్నారు. నీ ముఖం చూడలేక మీ ఇంటికి రాలేదు. నువ్వు ఆయన కోసం కుర్చీ వేస్తావని ఆయనకు ఎవరూ చెప్పలేదమ్మా.